పాత టెక్స్ట్ గేమ్స్: దొరికినంత మాత్రాన ఫ్రీ అయిపోతాయా?

యాంకర్: బొమ్మ ఒక్కటి లేకుండా అక్షరాలతోనే ఆడే జోర్క్ లాంటి గేమ్స్‌ని చాలామంది అబాండన్‌వేర్ సైట్ల నుంచి, అంటే అమ్మడం ఆపేసిన పాత సాఫ్ట్‌వేర్ పెట్టే సైట్ల నుంచి, దింపుకుంటున్నారు, తప్పా మేడమ్?

లాయర్: అబాండన్‌వేర్ అన్న మాట చట్టంలో లేదండి. అమ్మడం ఆపేసినంత మాత్రాన కాపీరైట్ హక్కు పోదు, అమెరికాలో కంపెనీ పేరు మీద అప్పట్లో పబ్లిష్ అయినవాటికి 95 ఏళ్లు ఉంటుంది, జోర్క్ వచ్చింది 1980లో, లెక్కేసుకోండి.

యాంకర్: ఆ కంపెనీయే లేదు కదా ఇప్పుడు?

లాయర్: జోర్క్ తీసిన ఇన్ఫోకామ్ 1989లో మూతపడింది, కానీ దాన్ని 1986లోనే యాక్టివిజన్ కొనేసింది, యాక్టివిజన్‌ని 2023లో మైక్రోసాఫ్ట్ కొంది. హక్కులు చేతులు మారాయంతే.

డెవలపర్: అసలు మంచి వార్త అక్కడే ఉంది మేడమ్! 2025 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లు జోర్క్ 1, 2, 3 సోర్స్ కోడ్‌ని, అంటే గేమ్ రాసిన ప్రోగ్రామ్‌ని, ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చేసిండ్రు. ఆ కోడ్ 2019 నుంచే కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌ల ఉన్నది గానీ లైసెన్స్ లేక ముట్టుకోవాలంటే భయం, ఇప్పుడు చదవొచ్చు, మార్చొచ్చు, పిల్లలకు పాఠం చెప్పొచ్చు, నాకైతే ఆ రోజు పండగే.

లాయర్: కోడ్ వరకే సుమా. ట్రేడ్‌మార్కులు, డబ్బా మీద బొమ్మలు అందులో లేవు.

డెవలపర్: అవును, అది నిజం. కోడ్‌తోటి తంటాలెందుకు అనుకుంటే గేమ్స్ అమ్మే జీఓజీ సైట్‌ల జోర్క్ ఆంథాలజీ అనే సెట్ కొనుక్కోండి, అందులో ఉన్న గేమ్ ఫైల్ తీసి, ఇట్లాంటి గేమ్స్ నడిపే ఫ్రోట్జ్ అనే ప్రోగ్రామ్‌ల పెడితే ఫోన్‌ల కూడా నడుస్తది. అదెట్లంటే, అప్పట్ల ఆపిల్ కంప్యూటర్‌కి వేరే, అటారీకి వేరే, కమొడోర్‌కి వేరే రాయాల్సి వచ్చేది, ఇన్ఫోకామ్ వాళ్లు జెడ్-మెషీన్ అని ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి ఊహించుకుని గేమ్స్ అన్నీ దానికే రాసిండ్రు, కొత్త మెషీన్ వస్తే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటి రాసుకుంటే చాలు. నలభై ఏళ్ల తర్వాత కూడా అదే ఫైల్ పనిచేస్తున్నదంటే వాళ్ల తెలివికి దండం పెట్టాలె.

యాంకర్: పైసా పెట్టకుండా ఆడేది?

డెవలపర్: కొలోసల్ కేవ్ అనే టెక్స్ట్ గేమ్ ఉన్నది. క్రౌథర్ అనే ప్రోగ్రామర్ మొదలుపెడితే 1977లో వుడ్స్ అనే ఇంకో ప్రోగ్రామర్ పెంచిండు, వాళ్లిద్దరి అనుమతితోనే ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ 2017లో ఓపెన్ అడ్వెంచర్ పేరుతోటి విడుదల చేసిండు. రాసినోళ్లను అడిగి చేసిన పని, నాకు బాగా నచ్చింది అదే.

లాయర్: ఇలాంటి టెక్స్ట్ గేమ్స్ దాచిపెట్టే ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆర్కైవ్ సైట్ కూడా చూడండి, 1992 నుంచి ఉంది. కానీ ఏ గేమ్ షరతు దానిదే, ఆడుకోమన్నారంటే అమ్ముకోమని కాదు, పక్కనున్న రీడ్‌మీ ఫైల్ చదివాకే దింపుకోండి.