కవలలు చెప్పే లెక్క: చిన్ననాటి చంచలత్వం, పెద్దయ్యాక మద్యం

సభకు నమస్కారం. హనుమకొండ చుట్టుపక్కల పిల్లల సమస్యలతో వచ్చే తల్లులు తరచుగా రెండు మాటలు కలిపి చెబుతారు. "ఒక్కకాడ కుదురుగ కూసోడు సార్, సగం రాసి నోటుబుక్కు ఆడనే పడేస్తడు" అన్నది మొదటిది. "వాళ్ల నాయన గూడ గంతే, తాగుడుకు పడి ఆగమయిండు, వీడు గూడ గట్లనే అయితడా?" అన్నది రెండోది. ఆ రెండో ప్రశ్నకు కవలల అధ్యయనాలు ఏం జవాబిస్తాయో ఈ పూట చూద్దాం.

ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల కవలలు మాత్రం, మామూలు తోబుట్టువుల్లాగే, మనిషికీ మనిషికీ తేడా తెచ్చే జన్యువుల్లో సగటున సగమే పంచుకుంటారు. ఇల్లు, బడి, వాడ ఇద్దరికీ ఒకటే కాబట్టి, రెండో రకం జంటల కంటే మొదటి రకం జంటల్లో పోలిక ఎంత ఎక్కువుంటే జన్యువుల పాత్ర అంత ఎక్కువని లెక్కకడతారు. ఆ లెక్కన శ్రద్ధ లోపం, అతి చురుకుదనం కలిసిన ఏడీహెచ్‌డీ వంశపారంపర్యత సుమారు 74 శాతం, మద్య వ్యసనానిది సుమారు 50 శాతం. 74 శాతం అంటే మీ అబ్బాయి చంచలత్వంలో నాలుగింట మూడొంతులు తండ్రి ఇచ్చాడని కాదు. ఒక జనాభాలో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో అంత భాగం జన్యు భేదాలతో ముడిపడి ఉందని మాత్రమే. ఈ ఒక్క విషయం తెలియక డాక్టర్లు కూడా తల్లిదండ్రులను భయపెడుతుంటారు.

రెండు సమస్యలకూ ముడి ఉందా అని తేల్చే పద్ధతి నాకు మరీ ఇష్టం. ఒక కవలకు చిన్నప్పుడున్న శ్రద్ధ లోపాన్ని, రెండో కవల పెద్దయ్యాక తాగే తీరుతో పోల్చి చూస్తారు. ఈ అడ్డ పోలిక ఒకే అండం కవలల్లో ఎక్కువగా కనబడితే, రెండింటి వెనుకా కొన్ని జన్యువులు ఉమ్మడిగా పనిచేస్తున్నాయన్నమాట. అలాంటి ఉమ్మడి భాగం ఉంది. అయితే దూకుడు, నియమాలను లెక్కచేయకపోవడం వంటి ప్రవర్తన సమస్యలను కూడా లెక్కలోకి తీసుకుంటే, శ్రద్ధ లోపానికీ మద్యానికీ మధ్య బంధం చాలా అధ్యయనాల్లో బలహీనపడింది. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునే పిల్లవాడి కంటే, బడి ఎగ్గొట్టి కొట్లాటలకు దిగే పిల్లవాడి గురించే మనం ముందుగా జాగ్రత్తపడాలి.

ఫిన్లాండ్‌లో కౌమారంలోని కవలలను పరిశీలించినప్పుడు, మద్యం వాడకంపై జన్యువుల ప్రభావం పట్టణాల్లో ఎక్కువగానూ, పల్లెల్లో తక్కువగానూ తేలింది. పల్లెల్లో ఉమ్మడి వాతావరణానిదే పైచేయి. నలుగురి కన్ను పడేచోట, మద్యం సులువుగా చేతికందనిచోట, వారసత్వంగా వచ్చిన మొగ్గుకు బయటపడే అవకాశం తగ్గుతుంది. మన దగ్గర వాడవాడకూ బెల్టు షాపు వెలిసింది. దసరా దావత్‌లో పదేళ్ల పిల్లవాడి చేతికి "ఒక్క గుక్కే" అంటూ కల్లు గ్లాసు అందించి పెద్దలు నవ్వుకుంటారు. తండ్రి తాగుడున్న ఇంట్లో, కుదురులేని పిల్లవాడికి ఆ గ్లాసు ఇవ్వడం నా దృష్టిలో మురిపెం కాదు, నిర్లక్ష్యం.

చిన్నప్పుడు ఏడీహెచ్‌డీకి మందులు వాడితే తరువాత మత్తుకు అలవాటుపడతారన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. డాక్టరు రాసిన మందును ఆ భయంతో మధ్యలో ఆపకండి.