పాలు తాగితే కడుపుబ్బరమా? గ్యాస్ మాత్ర ఎందుకు పని చేయదంటే...

నమస్కారం అండి. గ్లాసుడు పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల లోపు కడుపు ఉబ్బరం, గుడగుడలు, బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, ఆపైన నీళ్ల విరేచనం. గ్యాస్ ట్రబుల్ అనుకుని చాలామంది ఎసిడిటీ మాత్ర వేసుకుంటారు. తగ్గదు. ఆ మాత్ర పని చేసేది జీర్ణాశయంలోని ఆమ్లం మీద. ఈ గ్యాస్ పుట్టేది పెద్దపేగులో.

పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్ చిన్నపేగు లోపలి పొర మీద ఉంటుంది. అది చాలకపోతే లాక్టోజ్ అరక్కుండానే పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఉబ్బరం అందుకే. అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది. విరేచనం అందుకే.

ఎంజైమ్ తగ్గడం చాలామందిలో జబ్బే కాదు. తల్లిపాలు మానిన కొన్నేళ్లకు జన్యువుల ప్రకారం తగ్గుతుంది. ఉత్తరాది కంటే మన దక్షిణాదిలో ఇది ఎక్కువ. ఇంకో రకం తాత్కాలికం: రోటావైరస్ విరేచనాలతో పిల్లల పేగు పొర దెబ్బతింటే వస్తుంది, పొర కోలుకున్నాక పోతుంది. అప్పుడు కూడా తల్లిపాలు మాత్రం ఆపొద్దు, దయచేసి.

అసలు సంగతి మోతాదులో ఉంది. 200 మి.లీ. పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లు ఒక్కసారికి 12 గ్రాముల దాకా తట్టుకుంటారు, అందులోనూ అన్నం తిన్నాక తాగితే ఇంకా నయం. ఆవు, గేదె, మేక, ఏ2 పాలు (ఏ2 రకం ప్రోటీన్ ఉండే ఆవు పాలు) ఏవైనా లాక్టోజ్ దాదాపు అంతే ఉంటుంది, కాచినా పోదు. పాలపొడి, పాలకోవాల్లో చిక్కబడి ఉంటుంది కాబట్టి కొంచెం తిన్నా ఇబ్బందే. నెయ్యిలో దాదాపు సున్నా. పెరుగు మానేయాల్సిన పని లేదు: తోడులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది, మిగిలినదాన్ని మన పేగులో అరగడానికీ సాయం చేస్తుంది.

అనుమానం ఉంటే రెండు వారాలు పాలు, పాల స్వీట్లు పూర్తిగా ఆపండి. తర్వాత అరగ్లాసుతో మొదలుపెట్టి చూడండి. ఖాయంగా తెలియాలంటే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ ఉంది: పరగడుపున లాక్టోజ్ నీళ్లు తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20 భాగాలు) పెరిగిందా అని చూస్తారు. కాల్షియం తగ్గకుండా రాగులు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు తీసుకోండి.

పాలు తాగగానే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది పాల ఎలర్జీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే లాక్టోజ్ ఒక్కటే కారణం అనుకోకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు (కడుపు, పేగుల డాక్టరుకు) చూపించుకోండి.