అమ్మ ఉండే హోమ్‌లో ఫీజు పెంచారా? ముందు రిజిస్టర్ అడగండి

[స్క్రీన్ మీద: నెల బిల్లు. రెండు లైన్ల కింద ఎర్ర గీత]

నమస్తే అండీ. ఇది మా అమ్మ బిల్లు. హైదరాబాద్‌లో ఒక అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్లకి రోజువారీ పనుల్లో సాయం చేసే హోమ్‌లో, ఉంటుంది. పేరు చెప్పను, అమ్మ ఇంకా అక్కడే ఉంది. నెలకు 38,000 కట్టేవాళ్లం. ఒక నెల ఉన్నట్టుండి 48,200 వచ్చింది. ఫోన్ చేస్తే "కేర్ లెవెల్ మారింది సార్" అన్నారు.

నేను వెంటనే బేరం మొదలుపెట్టాను, ఒక రెండు వేలు తగ్గించండి అని. తప్పు చేశాను. బేరమాడామంటే పెంచడం సబబేనని ఒప్పుకున్నట్టే.

హోమ్‌లో అందరికీ కలిపి పెంచితే అగ్రిమెంట్ తీసి చూడండి. ఏడాదికి ఎంత శాతం, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని రాసుంటుంది. దాని ప్రకారమే పెంచితే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. మీ అమ్మకో నాన్నకో ఒక్కరికే పెంచితే మాత్రం కథ వేరు. స్నానం, బట్టలు, బాత్రూమ్, మంచం దిగడం, తినడం, వీటిలో ఎన్నింటికి మనిషి సాయం కావాలో చూసి కేర్ లెవెల్ వేస్తారు, దాన్ని బట్టే ఫీజు. ఎవరు చూశారు? ఏ తేదీన? ఆ అసెస్‌మెంట్ కాగితం అడగండి. దాంతోపాటు ఆయాలు, నర్సులు రోజూ రాసే రిజిస్టర్ కూడా.

[దగ్గరి షాట్: రిజిస్టర్ పేజీ, నీలం పెన్నుతో చేతిరాత]

అమ్మ జారిపడి మూడు వారాలు మంచం మీదే ఉంది. అప్పుడు లెవెల్ పెంచారు, అవసరమే. నాలుగో వారం నుంచి వాకర్ పట్టుకుని తనే నడుస్తోంది. రిజిస్టర్‌లో ఆయా రాసింది చూడండి: "అమ్మ వాకర్‌తో బాత్రూమ్‌కి వెళ్లింది." అదే వారం, అదే మాట, ఐదుసార్లు. బిల్లులో మాత్రం లెవెల్‌కి 6,000, డైపర్లకి 4,200. రోజుకి నాలుగు చొప్పున 120 డైపర్లట. అమ్మని అడిగితే "రాత్రి ఒక్కటే కదరా" అంది.

చాలామంది అడగకపోవడానికి కారణం భయం. గొడవపడితే అమ్మని సరిగ్గా చూడరేమోనని. ఆ భయం నాకూ ఉంది, ఉత్తదని చెప్పను. అందుకే ఆయాల దగ్గర బిల్లు మాటే ఎత్తలేదు. రేటు వేసేది వాళ్లు కాదు, పైగా వాళ్ల చేతిరాతే మనకి సాక్ష్యం. మాట్లాడింది మేనేజర్‌తోనే, అదీ మెయిల్‌లో. ఎప్పుడూ ఆదివారాలు వెళ్లేవాణ్ణి, ఆ నెల మంగళవారం పొద్దున స్నానాల టైమ్‌కి వెళ్లి కూర్చున్నాను.

డబ్బు మాత్రం ఆపలేదు. ఆపితే బకాయి ఉందని ఖాళీ చేయమంటారు. "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, తేలాక సర్దుబాటు చేయాలి" అని ఒక్క లైన్ రాసి కట్టాను. రిజిస్టర్ ఫొటోలు జోడించి, మళ్లీ అసెస్‌మెంట్ చేయమని అడిగాను.

[స్క్రీన్ మీద: 1915]

అయినా తేలకపోతే ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హోమ్ హైదరాబాద్‌లో, మీరు వైజాగ్‌లో ఉన్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కొన్ని అగ్రిమెంట్లలో "ఎప్పుడైనా, ఎంతైనా పెంచుతాం" లాంటి లైన్ ఉంటుంది. ఆ షరతే అన్యాయమని సవాలు చేయాలంటే జిల్లాకి కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. ఈ తేడా తెలియక తిరిగేవాళ్లున్నారు.

మా సంగతి అంతదాకా వెళ్లలేదు. రెండో అసెస్‌మెంట్ రోజు అమ్మ, మేనేజర్ చూస్తుండగా, కారిడార్ చివరిదాకా వాకర్‌తో వెళ్లొచ్చి "ఇంకోసారి వెళ్లనా బాబూ?" అని అడిగింది. ఆ నెల నుంచే లెవెల్ తగ్గించారు. డైపర్ల డబ్బులో ఒక నెలది సర్దారు. రెండో నెలది, 4,200, ఇంకా నడుస్తోంది. నిన్ననే మళ్లీ మెయిల్ పెట్టాను.