టీబీ6600 డ్రైవర్ రివ్యూ: ఎక్స్ యాక్సిస్ పక్కకి జరుగుతోందా? మోటార్ మార్చకండి

హాయ్ అండి. ముందే చెప్పేస్తున్నా, సీఎన్‌సీ కటింగ్ మెషిన్‌లో స్టెప్పర్ మోటార్‌ని (చిన్న చిన్న స్టెప్పుల్లో తిరిగే మోటార్) నడిపే ఈ డ్రైవర్ బాక్స్‌ని అమ్మేవాళ్లే ఫ్రీగా పంపారు. స్పెక్స్ మీరు ఎక్కడో చూసే ఉంటారు, వదిలేద్దాం. పైన టీబీ6600 అని రాసినా, ఇలాంటి బాక్సులు చాలావాటిలో ఉండేది టీబీ67ఎస్109 చిప్పు. దాంతో పేచీ ఏం లేదు. డిప్ స్విచ్‌లు (బాక్స్ మీద సెట్టింగులు మార్చే బుల్లి స్విచ్‌లు) మాత్రం పవర్ ఆపేసే మార్చండి. పవర్ ఉండగా మోటార్ వైరు పీకారో, డ్రైవర్ కాలిపోవచ్చు.

ఇక అసలు గొడవ. కట్ చేసేకొద్దీ ఎక్స్ యాక్సిస్ (ఎడమ-కుడి కదలిక) ఒక పక్కకే జరుగుతుంటే చాలామంది మోటార్ మార్చేస్తారు. ఆగండి. మోటార్ షాఫ్ట్ మీద నుంచి కప్లర్ (షాఫ్ట్‌ని స్క్రూకి కలిపే ముక్క) మీదకి మార్కర్‌తో ఒకే గీత గీయండి. ఇదిగో, ఇలా. జాబ్ అయ్యాక గీత తెగి పక్కకి పోయిందా, కప్లర్‌ని బిగించే గ్రబ్ స్క్రూ జారుతోంది. మోటార్‌కి ఏ పాపం తెలీదు.

గీత కదల్లేదా? డయల్ ఇండికేటర్ (సన్న కదలికని కొలిచే ముల్లు మీటర్) పెట్టి, 20 మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ 50 సార్లు నడపండి. స్పీడ్ సగం చేసి మళ్లీ. ఈసారి ముల్లు మొదటి చోటికే వస్తే టార్క్ చాలట్లేదు. యాక్సిలరేషన్ తగ్గించండి, 24 వోల్టుల సప్లై బదులు 36 పెట్టండి.

స్పీడ్ తగ్గినా అంతే జరిగిందా? నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జీఆర్‌బీఎల్ (మెషిన్‌ని నడిపే బోర్డులోని సాఫ్ట్‌వేర్) దిశ మార్చడం, స్టెప్ పల్స్ వదలడం దాదాపు ఒకేసారి చేస్తుంది. డ్రైవర్‌లోని ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుగుతో లోపలికి దాటించే భాగం) ఆన్ చకచకా అవుతుంది, ఆఫ్ అవడానికి నాన్చుతుంది. అందుకే ఒక వైపు మలుపులో మొదటి స్టెప్ పాత దిశలోనే పడిపోతుంది. ఒకటి రావాల్సింది రాక, ఒకటి ఎదురు పడి, రౌండుకి 2 మైక్రోస్టెప్పుల (స్టెప్పుని ముక్కలు చేస్తే వచ్చే చిన్న అడుగుల) తేడా. 5 మిల్లీమీటర్ల బాల్ స్క్రూ, 8 మైక్రోస్టెప్పింగ్ అయితే మిల్లీమీటరుకి 320 మైక్రోస్టెప్పులు కదా, 50 రౌండ్లకి 0.31 మిల్లీమీటర్! ప్లైవుడ్‌లో జాయింట్ పట్టదు.

మందు చిన్నదే. జీఆర్‌బీఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో స్టెప్ పల్స్ డిలే అనే లైను కామెంట్‌లో ఉంటుంది. ముందున్న రెండు స్లాష్‌లు (//) తీసేసి, 10 మైక్రోసెకన్లు అలాగే ఉంచి, బోర్డుని మళ్లీ ఫ్లాష్ చేయండి (సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించండి).

542 రకం డిజిటల్ డ్రైవర్ల మాన్యువల్లో, డైరెక్షన్ (దిశ) సిగ్నల్ స్టెప్ పల్స్ కంటే 5 మైక్రోసెకన్లు ముందుండాలని రాసిపెడతారు. దీంతో వచ్చిన కాగితంలో స్విచ్‌ల పట్టిక తప్ప ఆ ముక్కే లేదు. ఆ ఒక్క లైను లేనందుకే నా రేటింగ్ 5కి 2.5. ఫ్రీగా వచ్చినా సరే, అంతకి మించి వేయను.

డిలే పెట్టాక మీ డయల్ ఎంత చూపిస్తోందో కామెంట్‌లో రాయండి.