చెర్రీ టమాటాను ఎప్పుడు కోయాలి: ఎర్రబడిన రోజునా, ఆ తరువాతా?

[దృశ్యం: హైదరాబాదులో ఒక మిద్దె తోట, డిసెంబరు ఉదయం. గ్రో బ్యాగులో పెరిగిన మొక్కకు వేలాడుతున్న గుత్తి. మొదట్లో నాలుగు ఎర్రనివి, నడుమ రెండు దోరవి, కొసన మూడు పచ్చివి.]

వ్యాఖ్యానం: ఈ గుత్తిలో తొమ్మిది కాయలున్నాయి. నాలుగు ఎర్రగా కనిపిస్తున్నాయి కాబట్టి నాలుగింటినీ కోసేయవచ్చునని అనిపిస్తుంది. కానీ ఈరోజు కోయవలసినవి కాండానికి దగ్గరగా ఉన్న మొదటి రెండే. తక్కిన రెండింటికి ఎరుపు వచ్చింది గానీ, పూర్తి రుచి ఇంకా రాలేదు. ఆ తేడా ఎందుకు వస్తుందో, దానిని ఎలా గుర్తుపట్టాలో ఇప్పుడు చూద్దాం.

[దృశ్యం: తెల్లటి పళ్లెంలో వరుసగా పిందె, పచ్చికాయ, దోరకాయ, ఎర్రకాయ, బాగా పండిన కాయ.]

మామిడి దగ్గర మనం పిందె, కాయ, దోర, పండు అని ఎంతో జాగ్రత్తగా వేరుచేసి మాట్లాడతాం. టమాటా దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు పోతుంది, ఎందుకంటే మనం ఎరిగిన టమాటాలో ఎక్కువ భాగం దోరగా కోసినదే. మదనపల్లె మార్కెట్టు నుంచి లారీలలో దూరప్రాంతాలకు వెళ్లవలసిన సరుకును పూర్తిగా పండనిస్తే అది దారిలోనే చితికిపోతుంది. అందుచేత రైతు ముందుగా కోయడంలో తప్పేమీ లేదు. మన మిద్దె మీది కాయ ప్రయాణం చేయవలసింది మెట్ల మీదుగా వంటింటి వరకే కనుక, ఆ తొందర మనకు అక్కరలేదు.

టమాటా కోసిన తరువాత కూడా మాగే జాతి. కాయ తన ఎదుగుదల ముగించుకున్నాక లోపల ఇథిలీన్ అనే వాయువును తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది, దాని ప్రభావంతో పచ్చదనం విరిగి, అడుగుభాగాన లేత గులాబీ ఛాయ కనిపిస్తుంది. అదే దోర. అక్కడి నుంచి నిండు ఎరుపు రావడానికి వాతావరణాన్ని బట్టి దాదాపు వారం పట్టవచ్చు. ఆ ఎరుపు లైకోపీన్ అనే వర్ణకానిది. చెర్రీ టమాటా వాసనలో పండు పరిమళంలా తోచే భాగం చాలావరకు ఈ లైకోపీన్, దాని వంటి ఇతర వర్ణకాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థాలదే. అంటే రంగు ముందు తయారుకావాలి, అందులో కొంత విరిగి పరిమళంగా మారడం తరువాతి మాట. ఎరుపు కనిపించిన రోజుననే కోసిన కాయ తినడానికి బాగానే ఉన్నా, వాసన కాస్త చప్పగా ఉండడానికి ఇదొక కారణం.

[దృశ్యం: అడ్డంగా కోసిన పండు. గింజల చుట్టూ మెరుస్తున్న జిగురు గుజ్జు దగ్గరగా కనిపించాలి.]

రెండవ కారణం ఈ జిగురులో ఉంది. టమాటా పులుపులో ఎక్కువ పాలు సిట్రిక్ ఆమ్లానిది, తీపి గ్లూకోజు, ఫ్రక్టోజులది. పండే కొద్దీ పులుపు తగ్గుతుంది, కూరకు కమ్మదనం తెచ్చే గ్లుటమేట్ పెరుగుతుంది. చిన్న కాయలో గుజ్జుతో పోలిస్తే జిగురు పాలు ఎక్కువ కనుక ఈ మార్పు నాలుకకు వెంటనే తెలుస్తుంది. అయితే అతిగా ఆగితే పులుపు మరీ తగ్గి, తీపి ఉన్నా రుచి చదునుగా తయారవుతుంది. నా మటుకు నేను చలికాలంలో ఎర్ర రకాలను నిండు రంగు వచ్చాక రెండు మూడు రోజులు ఆపి కోస్తాను. కొంచెం పులుపు కోరేవారు ఒక రోజుతో సరిపెట్టుకోవచ్చు. ఎవరి నాలుక లెక్క వారిదే కాబట్టి ఒకే గుత్తిలోని పండ్లను రోజుకొకటి చొప్పున కోసి తిని చూడడం కన్నా నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

[దృశ్యం: చేతివేళ్లు పండును నెమ్మదిగా పైకెత్తుతాయి. తొడిమ మీది కణుపు దగ్గర బొటనవేలు.]

ఇక చేతి పరీక్ష. తొడిమ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. పండును అరచేతిలోకి తీసుకుని, ఆ కణుపు మీద బొటనవేలితో నొక్కుతూ కొద్దిగా పైకెత్తండి. సిద్ధమైన పండు ఆకుపచ్చని ముచ్చికతో సహా సులువుగా విడివడుతుంది. లాగవలసి వస్తే వదిలేయండి. బలవంతం చేస్తే గుత్తి మొత్తం ఊడివస్తుంది. కొన్ని రకాలలో బాగా పండిన కాయ ముచ్చికను మొక్కకే వదిలి చేతిలోకి వస్తుంది. అది అప్పటికప్పుడు తినడానికి శ్రేష్ఠం గానీ, ఆ గాయం గుండా తేమ పోతుంది, బూజు చేరుతుంది కనుక నిలవకు పనికిరాదు.

రంగు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అన్ని చెర్రీ టమాటాలూ ఎర్రబడవు. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలలో పూసా చెర్రీ టమాటా-1 ఎర్రనిది, పూసా గోల్డెన్ చెర్రీ టమాటా-2 పసుపు పచ్చనిది. జపాను నుంచి వచ్చిన సన్‌గోల్డ్ నిండు నారింజ రంగు దగ్గర ఆగిపోతుంది. అది ఎర్రబడుతుందని ఎదురుచూస్తే పండు పగిలి నేలపాలవుతుంది. విత్తనాల పొట్లం మీది బొమ్మను దాచుకోవడం మంచిది.

[దృశ్యం: మార్చి చివరి మధ్యాహ్నం. అదే మిద్దె, ఎండకు వాలిన ఆకులు, నారింజ రంగులోనే నిలిచిపోయిన కాయలు.]

ఎర్ర రకం కూడా మన వేసవిలో ఎర్రబడదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి కొనసాగితే లైకోపీన్ తయారీ కుంటుపడుతుంది, నారింజ ఛాయనిచ్చే బీటా కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అప్పుడు మొక్క మీద ఎంత కాలం ఉంచినా కాయ మెత్తబడుతుందే తప్ప ఎరుపు తేరదు. కాబట్టి మార్చి తరువాత దోరకాయలనే కోసి, ఎండ తగలని చల్లని గదిలో మగ్గబెట్టడమే మేలు. మొక్క మీదే పండాలన్న నియమాన్ని సడలించవలసిన సందర్భం ఇది.

వాన మరొక సందర్భం. కోస్తాలో నవంబరు నెల తుపాను కబురు వినగానే దోరకాయలన్నిటినీ దించేయాలి. పండిన కాయ తోలు సాగదు. వేరు ఒక్కసారిగా నీరు పీల్చగానే లోపలి ఒత్తిడికి తోలు నిట్టనిలువునా చీలుతుంది. వాన లేకపోయినా, రెండు రోజులు ఎండబెట్టిన కుండీకి మూడవ రోజు బిందెడు నీళ్లు గుమ్మరిస్తే జరిగేది అదే. కొద్దికొద్దిగా, క్రమంగా నీరు పెట్టాలి, కోత మాత్రం నీళ్లు పెట్టక ముందే ముగించాలి. ఉదయం మంచు ఆరాక కోస్తే పండు గట్టిగా ఉండి నిలుస్తుంది. అక్కడికక్కడే నోట వేసుకోవాలంటే సాయంత్రపు వెచ్చని పండే ఎక్కువ పరిమళిస్తుంది. పిగిలిపిట్టలకూ ఉడతలకూ ఈ సంగతులన్నీ మనకన్నా ముందే తెలుసు కనుక, ఎరుపెక్కిన గుత్తులకు వలగుడ్డ సంచి తొడిగి ఉంచండి.

[దృశ్యం: వంటింటి గట్టు మీద వెడల్పాటి పళ్లెం. వెనుక మూసి ఉన్న ఫ్రిజ్.]

కోసిన పండ్లను ఒకదాని మీద ఒకటి పోయకుండా పళ్లెంలో పరిచి బయటే ఉంచండి. టమాటాను సుమారు 5 డిగ్రీల చలిలో కొన్ని రోజులు ఉంచితే పరిమళాన్ని తయారుచేసే జన్యువులు మందగిస్తాయని, తిరిగి వెచ్చదనంలో పెట్టినా కొన్ని పూర్తిగా కోలుకోవని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించారు. మరీ ఎక్కువ పండి, పాడయ్యే స్థితిలో ఉన్నవాటికి మాత్రమే ఫ్రిజ్ గతి.

మొక్క పీకేసే నాటికి మిగిలిన పచ్చికాయలలో ఏవి పండుతాయో తెలుసుకోవాలంటే ఒకదానిని పదునైన కత్తితో కోయండి. గింజలు తెగకుండా జిగురులో పక్కకు జారితే ఆ పరిమాణంలో ఉన్నవి ముదిరినట్టే. వాటిని మాగిన అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో ఉంచితే రంగు తిరుగుతాయి. గింజలు కత్తికి తెగితే అవి ఇక పండవు. పచ్చిమిరపకాయలతో కలిపి నూనెలో మగ్గించి, రోటి పచ్చడి చేసుకోండి.

[దృశ్యం: రోట్లో నూరుతున్న ఆకుపచ్చని పచ్చడి. తెర చీకటవుతుంది.]