చల్లటి పాస్తా సలాడ్‌లో పలుకు పనికిరాదు!

ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా. చల్లగా తినే పాస్తా సలాడ్ కోసం పాస్తాని పలుకు మీద దించకండి. మెత్తగా ఉడకనివ్వండి. ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే 2, 3 నిమిషాలు ఎక్కువే ఉంచండి. సరిగ్గానే విన్నారు, ఎక్కువే!

ఎండాకాలం విందులు మొదలయ్యాయంటే ఈ తగువు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎవరు గ్రీక్ పాస్తా సలాడ్ చేసి చూపించినా సరే, అల్ దెంటే వాళ్లు, అంటే ఇటలీ పద్ధతిలో పలుకు మీదే దించాలనేవాళ్లు, దిగిపోతారు. పాస్తా పంటికి తగలాలట, లేకపోతే అది పాస్తానే కాదట. వేడివేడిగా సాస్‌లో కలిపి తినే పాస్తాకి ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. అక్కడ నేనూ వాళ్ల పక్షమే. కానీ ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు కూర్చునే సలాడ్‌కి కూడా అదే రూలు అంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకో చూడండి. ఉడికేటప్పుడు పాస్తాలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. చల్లారేటప్పుడు జరిగేది దీనికి తలకిందులు. విడిపోయిన స్టార్చ్ అణువులు మళ్లీ దగ్గరికి చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. దీన్ని రెట్రోగ్రెడేషన్ అంటారు. ఈ బిగుసుకోవడం ఫ్రిజ్ చలిలో ఇంకా త్వరగా జరుగుతుంది. రాత్రి మెత్తగా ఉన్న అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి పలుకులు పలుకులుగా అయిపోదూ? అదే సంగతి. ఇప్పుడు చెప్పండి, దించేటప్పుడే పలుకు ఉన్న పాస్తా ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చేసరికి ఏమవుతుంది? రబ్బరు! నములుతూనే ఉండాలి. అదే 3 నిమిషాలు ఎక్కువ ఉడికిందనుకోండి, చల్లబడి బిగుసుకున్నాక సరిగ్గా మీరు కోరుకున్న ఆ పంటికి తగిలే దశకి వచ్చి ఆగుతుంది. అంటే అల్ దెంటే కావాలనుకునేవాళ్లే ఎక్కువ ఉడికించాలి. పొయ్యి మీద కాదండీ, పళ్లెంలో కావాలి ఆ పలుకు.

నా థియరీ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. విందుల్లో పాస్తా సలాడ్ గిన్నె ఎందుకు మిగిలిపోతుంది? "చప్పగా ఉంది" అని అందరూ డ్రెస్సింగ్‌ని తిడతారు. పాపం డ్రెస్సింగ్ ఏం చేసింది? సరిగ్గా ఉడకని పాస్తా డ్రెస్సింగ్‌ని లోపలికి రానివ్వదు. పులుపంతా గిన్నె అడుగున చేరుతుంది, పాస్తా పొడిగా పైన కూర్చుంటుంది. దోషి పాస్తా, శిక్ష డ్రెస్సింగ్‌కి. ఈ వంటకానికి చెడ్డపేరు తెచ్చింది పలుకు మీద ఉన్న మోజే, ఇంకేదీ కాదు. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

"గ్రీకులు ఇలాంటి సలాడ్ చేయరు కదా" అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. వాళ్ల పల్లె సలాడ్ హోరియాతికిలో టమాటా, కీరా, ఉల్లి, పచ్చ క్యాప్సికం, ఆలివ్స్, పైన ఫెటా జున్ను పలక, ఒరెగానో, ఆలివ్ నూనె ఉంటాయి. పాస్తా ఉండదు. మనం చేసేది ఆ రుచుల్ని పాస్తాలోకి తెచ్చుకోవడం, అంతే. కానీ గ్రీకుల పాస్తా వంటలు చూడండి. పాస్తిత్సియోలో ఉడికించిన గొట్టాల పాస్తాని మాంసంతో, వెన్న, మైదా, పాలతో చేసే బెషమెల్ సాస్‌తో పేర్చి మళ్లీ ఒవెన్‌లో పెడతారు. గియువేత్సిలో బియ్యపు గింజల్లా ఉండే క్రిథరాకి పాస్తా మాంసం రసంలోనే మెత్తగా ఉడుకుతుంది. అక్కడ పలుకు కోసం ఎవరూ వెతకరు. గ్రీక్ పేరు పెట్టుకున్న సలాడ్‌కి ఇటలీ పట్టుదల ఎందుకు చెప్పండి!

సరే, వంటలోకి వద్దాం. 500 గ్రాముల ఫ్యూసిల్లీ, అంటే మెలికలు తిరిగిన పాస్తా, తీసుకోండి. ఆ మెలికల్లో డ్రెస్సింగ్ చక్కగా నిలుస్తుంది. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫార్ఫల్లే చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ మధ్యలో నొక్కిన చోట మందం ఎక్కువ, అంచులు ఉడికినా అక్కడ ఉడకదు. నీళ్లకి ఉప్పు లీటరుకి 10 గ్రాములు. ఫెటాలో ఉప్పుంది, ఆలివ్స్‌లో ఉప్పుంది అని ఇక్కడ చెయ్యి బిగపట్టకండి. పాస్తా లోపలికి ఉప్పు వెళ్లేది ఈ ఒక్కసారే. ఉడికే నీళ్లలో నూనె మాత్రం వేయకండి, పైన తేలడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

దించాక చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్లతో ఒకసారి కడగండి. అవును, కడగండి! వేడి సాస్‌కి కడగకూడదు, అక్కడ పైనున్న స్టార్చే సాస్‌ని పట్టుకుంటుంది. ఇక్కడ ఆ జిగురే పాస్తాని ముద్ద చేస్తుంది. అయితే పూర్తిగా చల్లబడేదాకా కడగొద్దు. గోరువెచ్చగా ఉండగానే ఆపి, నీళ్లు బాగా జారిపోయాక సగం డ్రెస్సింగ్ అప్పుడే కలిపేయండి. వెచ్చగా ఉన్న పాస్తా పీల్చుకున్నట్టు చల్లటిది పీల్చుకోదు. మిగతా సగం వడ్డించే ముందు.

డ్రెస్సింగ్‌లో నూనె మూడు పాళ్లు, వెనిగర్ ఒక పాలు అని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ ఆ లెక్క చాలదు. చల్లటి తిండిలో రుచులు మందగిస్తాయి, పాస్తా పులుపుని మింగేస్తుంది. అందుకే 120 మిల్లీలీటర్ల ఆలివ్ నూనెకి 60 మిల్లీలీటర్ల రెడ్ వైన్ వెనిగర్. ఒక వెల్లుల్లి రెబ్బ నూరి వేయండి, ఎండు ఒరెగానో రెండు టీ స్పూన్లు, అర స్పూను ఆవాల పేస్టు, ఉప్పు, మిరియాలు. సీసాలో వేసి గట్టిగా గిలకొట్టండి. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె గడ్డకడితే కంగారు పడొద్దు, కాసేపు బయట ఉంచితే కరుగుతుంది.

ఇక ఫెటా. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. పొడి చేసి డబ్బాల్లో అమ్మే ఫెటా కొనకండి. అంటుకోకుండా దాంట్లో సాధారణంగా స్టార్చో, సెల్యులోజో కలుపుతారు, అందుకే సలాడ్‌లో సుద్దలా తగులుతుంది. ఉప్పునీళ్లలో ఉండే గడ్డ కొనండి, 200 గ్రాములు చాలు, చేత్తో పెద్ద ముక్కలుగా విరవండి. ఆ పేరు కోసం గ్రీస్ ఎంత పోరాడిందో తెలుసా? 1996లో యూరోపియన్ యూనియన్ ఫెటా పేరుకి రక్షణ ఇస్తే, అంటే ఆ పేరు గ్రీస్ జున్నుకే అంటే, 1999లో యూనియన్ కోర్టు కొట్టేసింది. 2002లో మళ్లీ ఇచ్చారు. జర్మనీ, డెన్మార్క్ కోర్టుకెక్కాయి, 2005లో ఓడిపోయాయి. అయినా డెన్మార్క్ కంపెనీలు అదే పేరుతో యూరప్ బయటికి ఎగుమతి చేస్తుంటే అక్కడి ప్రభుత్వం ఆపలేదు. 2022లో కోర్టు అదీ తప్పేనంది. అసలు ఫెటాలో గొర్రె పాలు ఉండాలి, మేక పాలు 30 శాతం దాకా కలపొచ్చు, ఆవు పాలకి చోటే లేదు. కనీసం రెండు నెలలు మాగాలి. ఒక దేశం పాతికేళ్లకి పైగా కోర్టుల చుట్టూ తిరిగి కాపాడుకున్న జున్నుని మనం పొడి డబ్బాతో సరిపెట్టేస్తే ఎలా?

ఆలివ్స్ కూడా అంతే. డబ్బాల్లో నల్లగా నిగనిగలాడే ఆలివ్స్ ఉంటాయే, వాటిలో చాలావరకు పచ్చిగా కోసి, క్షారంలో నానబెట్టి, గాలి తగిలించి నల్లబరిచినవే. రంగు నిలవడానికి ఇనుము లవణం కూడా కలుపుతారు. రుచి ఏమీ మిగలదు. ముదురు వంకాయ రంగులో, బాదం ఆకారంలో ఉండే కలమాటా ఆలివ్స్ తీసుకోండి, పెద్ద గుప్పెడు. గింజలున్నవి కొని మీరే తీసుకుంటే ఇంకా మంచిది.

కూరగాయల గురించి ఎక్కువ చెప్పను. కీరాలో గింజల భాగం తీసేసి, ఉప్పు చల్లి పావుగంట ఉంచి నీళ్లు పిండేయండి. చెర్రీ టమాటాలు సగానికి కోసి చివర్లో కలపండి. ఎర్ర ఉల్లిపాయ సన్నగా తరిగి కాసేపు వెనిగర్‌లో వేస్తే ఘాటు తగ్గుతుంది. క్యాప్సికం పచ్చిదే.

ముందురోజు రాత్రి చేసుకోవచ్చు, ఫెటా, టమాటాలు మాత్రం అప్పటికప్పుడు. వడ్డించడానికి 20 నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీసి, మిగిలిన డ్రెస్సింగ్ పోసి, ఉప్పు, పులుపు మళ్లీ చూసుకోండి. ఆరుబయట విందయితే టైమ్ మీద కన్నేసి ఉంచండి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ప్రకారం ఇలాంటి తిండి మామూలుగా 2 గంటలకి మించి బయట ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. వెనిగర్ ఉంది కదా, ఏం కాదు అని ధీమాగా ఉండొద్దు. ఉడికిన పాస్తాలో పెరిగే బాక్టీరియా ఉంది. ఐసు నింపిన పళ్లెంలో గిన్నె పెట్టండి.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లకి నా సవాల్. ఒకే ప్యాకెట్ రెండు భాగాలు చేయండి. ఒకటి మీ ఇష్టప్రకారం పలుకు మీద దించండి, రెండోది 3 నిమిషాలు ఎక్కువ ఉంచండి. డ్రెస్సింగ్ ఒకటే, గిన్నెలు ఒకలాంటివే, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. వచ్చినవాళ్లకి ఏమీ చెప్పకుండా పక్కపక్కన పెట్టండి. ఏ గిన్నె ముందు ఖాళీ అయిందో కింద రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను.