క్యాజువాల్టీ రద్దీలో గుండెపోటు

అందరికీ నమస్కారం. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక ముగించి, టిఫిన్ కూడా వాయిదా వేసుకుని వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం జోలికి పోను. గుండె జాగ్రత్తల గురించి మాట్లాడమని మీ సంఘం వాళ్లు అడిగారు. నూనె తగ్గించండి, సిగరెట్ మానండి అని మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను క్యాజువాల్టీలో పనిచేసినవాణ్ణి. అందుకని గుమ్మం లోపలి సంగతి చెబుతాను. గుండెపోటుతో మీరు అక్కడికి వెళ్లిన ఆ ఘడియలో డ్యూటీ డాక్టరు చేతిలో ఇంకెంతమంది ఉన్నారన్నది మీ ప్రాణానికి సంబంధించిన విషయం.

గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ కట్టి దారి మూసుకుపోతే, ఆ రక్తం మీద బతికే కండరం కొన్ని గంటల్లో విడతలు విడతలుగా చచ్చిపోతుంది. దారి తెరవాలంటే గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇవ్వాలి, లేదా క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లి బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేయాలి. 1986లో ఇటలీ డాక్టర్లు 11 వేలమందికి పైగా రోగులతో స్ట్రెప్టోకైనేజ్ ఇంజక్షన్‌ను పరీక్షించారు. మొత్తం మీద మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయి. నొప్పి మొదలైన గంటలోపు మందు అందినవాళ్లలోనైతే దాదాపు సగానికి తగ్గాయి. ఆరు గంటలు దాటి వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మందూ అదే, మోతాదూ అదే.

అందుకే ఈ జబ్బులో లెక్కలన్నీ నిమిషాల్లో ఉంటాయి. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూడాలి. ఇంజక్షన్ అయితే 30 నిమిషాల్లో, బెలూన్ అయితే 90 నిమిషాల్లో పడాలి.

ఇప్పుడు ఒక రాత్రి క్యాజువాల్టీ ఊహించుకోండి. హైవే మీద లారీ గుద్దిన కుర్రాడు, పురుగుమందు తాగిన అమ్మాయి, ఫిట్స్ ఆగని పిల్లవాడు, వాళ్ల చుట్టూ పేషెంట్ తాలూకు జనం. రక్తం కారుతున్నవాళ్లు, అరుస్తున్నవాళ్లు ముందు కళ్లబడతారు. గోడ పక్క కుర్చీలో ఒకాయన చెమటలు తుడుచుకుంటూ "గ్యాస్ పట్టిందండీ, ఏదైనా ఇంజక్షన్ చేస్తే పోతాను" అంటుంటాడు. ఆ గదిలో అందరికంటే ముందు చూడాల్సింది ఆయన్నే కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, వయసు పైబడిన ఆడవాళ్లలో అసలు నొప్పే రాకపోవచ్చు. ఆయాసం, వాంతి, ఒంట్లో సత్తువ లేకపోవడం, అంతే.

నేను చూసినంతలో ఆలస్యం ఈసీజీ తీయడంలో కంటే చూడటంలో ఎక్కువ. తీయడానికి ఐదు నిమిషాలు చాలు. తీసిన కాగితం ట్రేలో ఉంటుంది. డాక్టరు లారీ గుద్దిన కుర్రాడికి గొట్టం వేస్తున్నాడు. మధ్యలో పోలీసుల ఫోన్, ఎవరో సంతకం కోసం, ఇంకెవరో బెడ్ కోసం. ఆ కాగితం మీద ఆయన కన్ను పడేసరికి ఎంతసేపయిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. నన్నడిగితే క్యాజువాల్టీ పనిభారాన్ని కొలవాల్సింది అక్కడే. రోజుకు ఎన్ని ఓపీ చీటీలు రాశారన్న అంకెతో నాకు పెద్దగా పని లేదు.

రద్దీ వల్ల నిజంగా మనుషులు పోతారా అని మీరు అడగవచ్చు. అమెరికాలో క్యాజువాల్టీ నిండిపోతే అంబులెన్సులను వేరే ఆసుపత్రికి మళ్లిస్తారు. కాలిఫోర్నియాలో దీని మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. దగ్గరలోని క్యాజువాల్టీ ఆ రోజు 12 గంటలో అంతకు మించో అలా మూతపడి ఉంటే, గుండెపోటు రోగుల్లో 30 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 19 శాతం. మళ్లింపు లేని రోజుల్లో 15 శాతం. 2005 నాటి ఇంకో అమెరికా లెక్క నాకు మరీ ఇష్టం. పగటి డ్యూటీ వేళల్లో బెలూన్‌కు సగటున 95 నిమిషాలు పడితే, రాత్రుళ్లూ సెలవు రోజుల్లో 116 నిమిషాలు పట్టింది. ఇంజక్షన్‌కు మాత్రం పగలు 33, రాత్రి 34. ఎందుకంటే ఇంజక్షన్ క్యాజువాల్టీ డాక్టరు చేతిలో పని. క్యాథ్ ల్యాబ్ మనుషులు ఇంటి దగ్గర నుంచి రావాలి.

అలాగని ఎక్కువమందిని చూడటమే చెడ్డదనుకోకండి. కెనడాలోని ఒంటారియోలో చూస్తే, గుండెపోటును గుర్తించకుండా ఇంటికి పంపేయడం రోగులు తక్కువగా వచ్చే చిన్న ఎమర్జెన్సీల్లోనే ఎక్కువ. చూసిన కొద్దీ కన్ను పదునెక్కుతుంది. 1923 నుంచి ఉత్తరాంధ్ర అంతటికీ దిక్కయిన మన విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో చదివిన పీజీలకు ఆ పదును ఊరికే రాలేదు. ఎక్కువమందిని చూడటం డాక్టర్ని తయారుచేస్తుంది. ఒకేసారి ఎక్కువమందిని చూడాల్సి రావడం రోగిని ముంచుతుంది. మన ప్రభుత్వాలు ఈ రెండింటినీ కలిపేసి ఓపీ సంఖ్య చూసి మురిసిపోతుంటాయి.

డ్యూటీ గంటల గోల ఒకటుంది. రెసిడెంట్లకు, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పీజీ చదివే డాక్టర్లకు, మామూలుగా ఒక విడతకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్ ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దంది. ముప్పై ఏళ్లలో మనం ఎటు నడిచామో మీరే చూసుకోండి. 2004లో అమెరికాలో ఐసీయూ ఇంటర్న్‌లను పోల్చి చూస్తే, పాత పద్ధతిలో ఎక్కువ గంటలు చేసినవాళ్లలో తీవ్రమైన తప్పులు 36 శాతం ఎక్కువ. అయితే 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో గంటల నిబంధన సడలించినా రోగుల మరణాల్లో తేడా రాలేదు. గంటలు కోస్తే డ్యూటీ మారడాలు పెరుగుతాయి. అప్పగింతలో "ఫలానా బెడ్ ఈసీజీ ఇంకా చూడలేదు" అన్న ఒక్క ముక్క జారిపోతే చాలు. డాక్టర్లకు నిద్ర కావాలి, అందులో వాదన లేదు. దాంతో పాటు మనుషులనూ పెంచాలి.

మన ప్రాంతం సంగతికి వస్తాను. భారతదేశంలో 20 వేలకు పైగా గుండె రోగులను పరిశీలించి 2008లో వేసిన లెక్కలో, గుండెపోటు రోగి ఆసుపత్రి చేరడానికి మధ్యస్థంగా ఆరు గంటలు పట్టింది. పాడేరు, అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ రావాలంటే వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరం నుంచి బెలూన్ కోసమే బయలుదేరితే విలువైన సమయమంతా రోడ్డు మీదే అయిపోతుంది. దగ్గరి ఏరియా ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఫోన్‌లో కార్డియాలజిస్టుకు పంపి, గడ్డ కరిగే ఇంజక్షన్ అక్కడే ఇచ్చి, ఆ తర్వాత నగరానికి పంపడమే దారి. తమిళనాడులో ఇలాంటి ఏర్పాటు చేశాక ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గాయి. మన రాష్ట్రంలోనూ 2023లో మొదలైంది. దీనివల్ల నగరంలోని క్యాజువాల్టీకి రోగి సగం వైద్యం అయి వస్తాడు. అక్కడి డాక్టరు నెత్తిన బరువు అంత తగ్గినట్టే.

నగరంలో ఖర్చు లేని పని ఒకటుంది. ఛాతీ నొప్పి, ఆయాసం అన్నవాళ్లకు డాక్టరు చెప్పేదాకా ఆగకుండా నర్సే ఈసీజీ తీయించాలి. ప్రతి షిఫ్టులో ఆ కాగితాలు చూసే బాధ్యత పేరు పెట్టి ఒక డాక్టరుకు ఇవ్వాలి. ఆయన ఎంత పనిలో ఉన్నా కాగితం కళ్ల ముందు పెడితే పది సెకన్లు చూస్తాడు. అడ్డొచ్చిందని విసుక్కుంటాడు, పర్లేదు.

ఇక మీ వంతు. సోడా తాగి చూద్దాం, తెల్లారాక వెళ్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. స్కూటర్ వెనక కూర్చోబెట్టి తీసుకురావద్దు. లోపలికి ఒక్కరే రండి, మిగతావాళ్లు బయట ఉండండి. ఆ ఒక్కరికి నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, ఏ మాత్రలు వాడుతున్నారో, ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం జరిగిందో, ఈమధ్య ఆపరేషన్ ఏమైనా అయిందో తెలిసి ఉండాలి. ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ జవాబుల మీదే తేలుతుంది. పాత ఈసీజీ ఉంటే తెండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే అనుమానం చిటికెలో తీరిపోతుంది.

మీ సంఘంలో రిటైరైన అధికారులు చాలామంది ఉన్నారు. మీ ఇంటికి దగ్గరున్న ఆసుపత్రికి ఒంట్లో బాగున్నప్పుడే ఓసారి వెళ్లి, రాత్రి రెండు గంటలకు ఛాతీ నొప్పితో ఎవరైనా వస్తే ఈసీజీ ఎవరు చూస్తారు, ఎన్ని నిమిషాల్లో చూస్తారు అని అడగండి. స్టెంట్ ప్యాకేజీ ఎంతో వాళ్లు ఠక్కున చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం నలుగురినీ పిలవాల్సి వస్తే, ఆ ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌కు ఒక ఉత్తరం రాయండి. సరే, ఇక మీ ప్రశ్నలు.